క్వారీ మలుపు

బస్సు పెద్దాఫీసు గేటు దాటిందో లేదో వెనక చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి. హాల్లో కొట్టినవి చాలలేదు కాబోలు అనుకుంది ఆమె స్టీరింగు తిప్పుతూ. స్కూలు పిల్లలు కూడా ఇంత గోల చెయ్యరు, చేసినా దానికో కారణం ఉంటుంది, ఎవడో ఎవడి టోపీనో కిటికీలోంచి పారేసి ఉంటాడు, లేదా ఎవరికో పన్ను ఊడి ఉంటుంది. రోజూ పిల్లలు కూర్చునే సీట్లలో ఇవాళ పెద్దవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు, మోకాళ్ళు ముందు సీటుకు ఒరుసుకుపోతున్నా ఎవరి ముఖంలోనూ విసుగు లేదు, గెలిచిన ముఖాలు, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఆమె తల పైనున్న పొడుగాటి అద్దంలో ఆ ముఖాలన్నీ కనిపిస్తున్నాయి. పిల్లల్ని కనిపెట్టుకోవడానికి పెట్టించిన అద్దం అది, ఎవరు ఎవరి జడ లాగుతున్నారో, ఎవరికి వాంతి వచ్చేలా ఉందో చూసుకోవడానికి. ఇవాళ వాంతి ఆమెకే వచ్చేలా ఉంది.

డ్రైవరు వెనక సీట్లో మందుల షాపాయన. ఊరి రక్షణ కమిటీకి ప్రెసిడెంటు. నగరంలోని చెత్తంతా తెచ్చి ఊరి పక్క పొలాల్లో కాలుస్తారని, దానికి ఇన్సినరేటర్ అని పేరని, పొగగొట్టం బడి కంటే ఎన్నో రెట్లు ఎత్తుంటుందని తెలిసిన రోజున బళ్ళో మీటింగు పెట్టింది ఆయనే. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. తిన్నాక ఒకటి, పడుకునే ముందు ఒకటి అని మాత్రలు చేతిలో పెట్టే గొంతుతోనే ప్రాణాలైనా ఇస్తాం, ప్లాంటు రానివ్వం అన్నాడు ఆ రోజు. ఆ నెమ్మదితనం చూసి ఆమె మురిసిపోయింది, మనిషి నిలకడగలవాడు అనుకుంది, నిలకడ, ఎంత చక్కటి మాట, తూకం వేసి ఎటు మొగ్గితే లాభమో చూసుకునేవాడు కూడా నిలకడగానే కనిపిస్తాడని అప్పుడు తట్టలేదు. ఇప్పుడాయన జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఎండలో రాయి మోసినవాడిలా తుడుచుకుంటున్నాడు. ఏసీ హాల్లో కుర్చీలో కూర్చుని లేచినవాడికి అంత చెమటెందుకో.

ఆ హాల్లో ఆమె వెనక తలుపు దగ్గర నిలబడింది, బస్సు తాళం చేతిలో పట్టుకుని, పేపరు కప్పులో టీ చల్లారిపోతుంటే. ముందు గోడ మీద మ్యాపు వెలిగింది. ఊరి పక్కన ఎర్రటి చుక్క. ఆఫీసరు ఏదో నొక్కగానే ఆ చుక్క లేచి కాస్త పక్కకు జరిగింది, అంతే, ఈగ ఒక బిస్కెట్టు మీంచి లేచి ఇంకో బిస్కెట్టు మీద వాలినట్టు. ప్రత్యామ్నాయ స్థలం అన్నాడు ఆఫీసరు. మూతపడ్డ రాతి క్వారీ. అనువైన గుంట సిద్ధంగా ఉంది కాబట్టి బూడిద పొయ్యడానికి తవ్వకం ఖర్చు కూడా ఉండదట. ఆమెకు ముందు అర్థం కాలేదు. క్వారీ అంటే ఇంకెక్కడిదో అనుకుంది, లోకంలో క్వారీలకేం తక్కువ. అప్పుడు మందుల షాపాయన లేచి చొక్కా సర్దుకుని, మా కమిటీ సూచనను మన్నించినందుకు పెద్దలకు కృతజ్ఞతలు అన్నాడు. మా కమిటీ సూచన. అందరూ లేచారు, చప్పట్లు, ఒకరి భుజం మీద ఒకరు తట్టుకోవడం, పళ్ళ డాక్టరు భార్యయితే కళ్ళొత్తుకుంది కూడా. ఆమె చేతిలోని కప్పు నలిగి టీ చెప్పుల మీద ఒలికింది. ఇప్పటికీ క్లచ్చు తొక్కినప్పుడల్లా కాలి వేళ్ళ మధ్య జిగురుగా తగులుతోంది.

సిగ్నలు దాటాక రోడ్డు విశాలమైంది. రెండు పక్కలా గోడౌన్లు, టైర్ల షాపులు, వాటి ముందు నీళ్ళు చల్లుతున్న మనుషులు. మధ్యాహ్నపు ఎండ అద్దం మీద సాగిలబడింది. క్వారీ నీళ్ళు కూడా ఎండలో ఇలాగే మెరిసేవి, తెల్లగా కాదు, ఆకుపచ్చగా, సీసా పెంకులాగా. నాన్న రాళ్ళు కొట్టే రోజుల్లోనే ఒక పక్క గుంట లోతెక్కి నీళ్ళూరింది, పని లేని రోజున క్వారీ పక్కన మా కూలివాళ్ళ కాలనీ పిల్లలంతా అందులోనే. అక్క ఆమె పొట్ట కింద చెయ్యి పెట్టి, కాళ్ళు కొట్టవే, కాళ్ళు కొట్టు అనేది, కొడుతూ కొడుతూ ఉండగా ఆ చెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలిసేది కాదు, ఒడ్డుకొచ్చి చూస్తే అక్క అక్కడెక్కడో నడుం లోతులో నిలబడి నవ్వుతుండేది. ఆ నీళ్ళు తోడేస్తారు కాబోలు ముందు. తోడేసి, అడుగున ప్లాస్టిక్ పరిచి, దాని మీద నగరం బూడిద. ఎవరెవరి ఇళ్ళలోనో ఎవరెవరో వాడి పారేసినవన్నీ కాలి, పొడై, మెత్తగా, ఆమె ఈత నేర్చుకున్న చోట పడుకుంటాయి. సూచన. వీళ్ళు ఇంతవరకు ఒక్కరోజు ఆ నీళ్ళలో కాలు తడుపుకున్నారా, ఆ గుంట ఎక్కడుందో చూపించమంటే సగం మంది చెయ్యెటు చాపాలో తెలియక దిక్కులు చూస్తారు, అయినా సూచించడానికి మాత్రం గుర్తొచ్చింది.

వెనక నుంచి పళ్ళ డాక్టరు భార్య గొంతు. గాలి అటు వీస్తుందిలెండి, మనకేం భయం లేదు అంటోంది ఎవరితోనో. ఈవిడే కదా ఆరు నెలలు డయాక్సిన్, డయాక్సిన్, పొగలో ఉండే విషం అని ఊరందరి చెవులూ చిల్లులు పొడిచింది. ఆ మాట ఎక్కడ నేర్చుకుందో గాని, కొత్త నగ పెట్టుకున్నట్టు ఎక్కడికి వెళ్ళినా అదే. కూరగాయల్లో డయాక్సిన్, గుడ్డులో డయాక్సిన్, తల్లిపాలలో డయాక్సిన్. కాలనీ ఆడవాళ్ళను కూర్చోబెట్టి, మీ పిల్లలకు కూడా వస్తుందమ్మా జబ్బు, పొగ పేదా గొప్పా చూడదు అని చెప్పింది, చెబుతుంటే గొంతు వణికింది కూడా. ఇప్పుడు చూస్తుందన్నమాట. ఇప్పుడు పొగకు చూపొచ్చింది, పెద్దిళ్ళు కనబడగానే పక్కకు తప్పుకుంటుంది. క్వారీ నడిచే రోజుల్లో రాతి దుమ్ము ఊరి మీదికి వస్తోందని, ఆరేసిన బట్టలు పాడవుతున్నాయని ఈ ఊరివాళ్ళే గొడవ చేసి దాన్ని మూయించారు, నాన్న చేతిలో సుత్తి పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక వాకిట్లో కూర్చున్నాడు. అప్పుడు గాలి అక్కడి నుంచి ఇటు వీచేది. ఇప్పుడు ఇక్కడి నుంచి అటు వీస్తుందట. గాలి కూడా కమిటీలో మెంబరైనట్టుంది.

లారీ ఒకటి అడ్డం వచ్చింది. ఆమె హారన్ కొట్టలేదు. హారన్ కొట్టడమంటే వీళ్ళ ఊరేగింపుకు బాజా వాయించినట్టు ఉంటుందనిపించింది.

కాలనీవాళ్ళు లేకపోతే ఈ కమిటీకి ఊపిరెక్కడిది. క్వారీ మూతపడ్డాక ఊళ్ళోకి పనులకు వచ్చేది వాళ్ళే, ఊళ్ళో అంట్లు, ఊళ్ళో గోడలు, ఊళ్ళో మురిక్కాలవలు, అలాగే ఊళ్ళో ఉద్యమం కూడా. సర్వే బళ్ళు వచ్చిన రోజున వాన పడుతోంది. రోడ్డుకు అడ్డంగా పడుకోవాలని ముందురోజు తీర్మానం చేసినవాళ్ళంతా గొడుగుల కింద నిలబడ్డారు. పడుకుంది కాలనీ ఆడవాళ్ళు. అక్క అందరికంటే ముందు, బురదలో వెల్లకిలా, వాన నోట్లో పడుతుంటే ఉమ్మేస్తూ. పళ్ళ డాక్టరు భార్య కూడా పడుకుంది, కాదనకూడదు, కింద తువ్వాలు పరుచుకుని, ఫోటో తీసేంతసేపు. సర్వేవాళ్ళ గార్డులు వచ్చి లాగారు. ఆ లాగుడుకు అక్క మణికట్టు విరిగింది. విరిగిన చప్పుడు తనకు వినిపించింది, జనాన్ని తెచ్చిన బస్సు స్టీరింగు దగ్గర కూర్చున్న తనకు, వానలో, అంత దూరం నుంచి, ఎవరూ నమ్మరు గాని వినిపించింది. మందుల షాపాయన నొప్పి మాత్రలు ఉచితంగా ఇచ్చాడు. ఇచ్చాననే సంగతి ఆ తర్వాత జరిగిన ప్రతి మీటింగులోనూ ఏదో ఒక వంకన చెప్పాడు. ఆ చెయ్యి ఇప్పటికీ సరిగ్గా తిరగదు, అక్క తడిబట్ట పిండాలంటే ఒక కొస పళ్ళతో పట్టుకుంటుంది.

పొద్దున ఆయనే ఫోన్ చేశాడు. ఇవాళ ఊరికే మాట వరస పనేనమ్మా, కాలనీవాళ్ళు కూలి పోగొట్టుకుని రావడం ఎందుకు, బస్సులో చోటు కూడా సరిపోదు, మీ అక్కకు చెప్పు అన్నాడు. పాపం, వాళ్ళ కూలి గురించి కూడా ఆలోచించాడే అని తను మెచ్చుకుంది. మెచ్చుకుని మరీ అక్కకు చెప్పింది. బయల్దేరేటప్పుడు చూస్తే వెనక వరసంతా ఖాళీ, అక్కడ బ్యానర్లు పడుకుని ఉన్నాయి, కాళ్ళు చాపుకుని. పిల్లలైతే ఒక్క తల తక్కువైనా బండి కదిలించని మనిషి తను. అలాంటిది ఆ ఖాళీ సీట్లను చూసి కూడా తనకేమీ అనిపించలేదు, బుర్రను ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చినట్టు. వీళ్ళని అంటున్నాను గాని, వీళ్ళు మాట్లాడితే తల ఊపిన గంగిరెద్దుని నేనే కదా. లేదు, అలా అనుకుంటే వీళ్ళకి అలుసిచ్చినట్టే. తల ఊపడం వేరు, గొయ్యి చూపించడం వేరు.

అన్నిటికంటే ఆమెకు ఒళ్ళు మండింది మాస్టారిని చూస్తే. కుడి పక్క కిటికీ దగ్గర కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడట. బడిలో తనకూ అక్కకూ అక్షరాలు దిద్దించినవాడు, రిటైరయ్యాక ఉద్యమానికి నినాదాలు రాసినవాడు. పొగకు సరిహద్దులు లేవు, అది ఆయన రాసిందే, ఆ మాట రాసిన బ్యానర్లు అక్క కుట్టింది, చెయ్యి విరగకముందు. హాల్లో ఆయన చప్పట్లు కొట్టలేదు, ఆమె చూసింది. కొట్టలేదు గాని లేచి నిలబడ్డాడు. అందరూ లేచినప్పుడు లేచి, అందరూ కూర్చున్నప్పుడు కూర్చుని, చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ జేబుల్లో చేతుల్ని ఆయన రేపు ఇంట్లో భార్యకు చెప్పుకుంటాడు, నేనైతే కొట్టలేదు అని. తెలియక గంతులేసేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది, తెలిసి నిద్రపోయేవాణ్ణి చూస్తే మాత్రం బ్రేకు గట్టిగా తొక్కి ఆ నుదురు ముందు సీటుకు కొట్టుకునేలా చెయ్యాలనిపిస్తుంది. తొక్కలేదు. పిల్లల బస్సు నడిపిన కాలు, అలా తొక్కడం దానికి చేతకాదు.

టౌను వెనకబడింది. పొలాలు మొదలయ్యాయి, కరెంటు స్తంభాలు ఒకదాని తర్వాత ఒకటి పక్కకు తప్పుకుంటున్నాయి. వెనక ఎవరో గెలుపు సభ ఎప్పుడు పెట్టాలో మాట్లాడుతున్నారు, బళ్ళోనా, మార్కెట్టు దగ్గరా, మైకు ఎవరిది. అప్పుడు మందుల షాపాయన లేచి, కమ్మీ పట్టుకుని ముందుకొచ్చి ఆమె భుజం పక్కన నిలబడ్డాడు. ఆయన దగ్గర ఎప్పుడూ ఉండే మందుల వాసన వచ్చింది, శుభ్రమైన, చేదు వాసన.

"కాలనీలో ఇప్పుడే ఏం చెప్పకమ్మా. మీ అక్కతో కూడా. సమయం చూసి మేమే చెప్తాం" అన్నాడు.

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మీరే చెప్తారా?"

"మేమే చెప్తాం. నష్టమేం లేదు వాళ్ళకి. ప్లాంటులో పనులొస్తాయి. క్వారీ పోయాక వాళ్ళకి పనేదీ?"

క్వారీ పోయాక. దానంతటదే లేచి ఎటో వెళ్ళిపోయినట్టు. ఈయన నమ్ముతున్నాడు, అదీ ఆమెను కొట్టిన సంగతి. అబద్ధం చెప్పేవాడి కళ్ళు కాసేపైనా పక్కకు పోతాయి, ఈయనవి పోలేదు, వాళ్ళకి మంచే చేశానని నిజంగానే అనుకుంటున్నాడు, మాత్ర చేదుగా ఉన్నా మింగించాననుకుంటున్నాడు. అబద్ధాలాడేవాడైతే ఇంకాస్త గౌరవించేదాన్నేమో.

"బండి కదులుతుంటే నిలబడకూడదు. వెళ్ళి కూర్చోండి" అంది. ఆయన నవ్వుతూ వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడకి మనం కూడా పిల్లలమే అని ఎవరితోనో అన్నాడు, కొందరు నవ్వారు.

క్వారీ మలుపు వచ్చింది. నేరుగా పోతే ఊరు. కుడికి కంకర రోడ్డు, కాలనీకి. ఆమె ముందుగా ఏమీ అనుకోలేదు. కుడి దీపం వేసింది చెయ్యే, ఆమె చూసిందంతే. బస్సు వంగి తిరిగింది, టైర్ల కింద కంకర పటపటలాడింది. కాసేపు ఎవరూ గమనించలేదు, మైకు గురించిన మాటలు అలాగే సాగాయి. తర్వాత ఒక గొంతు, ఇటెందుకూ అని. తర్వాత ఇంకొన్ని. ఎవరైనా దిగాలా, డీజిలు లేదా, దారి బాగాలేదా. వాళ్ళకు తోచిన కారణాలన్నీ వాళ్ళే చెప్పుకున్నారు, అసలు కారణం ఒక్కరికీ తోచలేదు, తోచినవాళ్ళు నోరు మెదపలేదు. అద్దంలో మాస్టారి కళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"అమ్మాయ్, వెనక్కి తిప్పు" అన్నాడు మందుల షాపాయన. గొంతు అదే, తిన్నాక ఒకటి, పడుకునే ముందు ఒకటి. "ఇది స్కూలు బస్సు. నీ ఇష్టమొచ్చినట్టు తిప్పడానికి లేదు. రేపు మేనేజ్‌మెంటు అడిగితే నేనేం చెప్పను?"

"జరిగింది చెప్పండి" అంది ఆమె.

కాలనీలో బస్సు కనబడగానే మనుషులు ఇళ్ళలోంచి బయటికొచ్చారు. పొద్దున్నుంచి పనికి కూడా పోకుండా దీని కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. చేతులు తుడుచుకుంటూ కొందరు, పిల్లల్ని చంకనేసుకుని కొందరు, సగం గడ్డం గీసుకుని సబ్బుతోనే ఒకాయన. కొళాయి దగ్గర బిందె వదిలేసి అక్క పరుగులాంటి నడకతో వస్తోంది, వంకర చెయ్యి పొట్టకు ఆనించుకుని. ఆమె ఇంజను ఆపింది. తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది. తలుపు మీట లాగింది. లోపల అంతసేపూ ఉన్న సందడి ఒక్కసారిగా అణిగిపోయింది, టీచరు క్లాసులోకి వచ్చినప్పటిలా.

అక్క బస్సెక్కింది. మెట్టు మీద నిలబడి ముఖాలన్నీ వరసగా చూసింది, నవ్వడానికి సిద్ధంగా ఉన్న ముఖంతో.

"గెలిచామా?" అంది.

పళ్ళ డాక్టరు భార్య తన సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఒకాయన ఫోను చెవికి పెట్టుకున్నాడు, అది మోగనే లేదు. చివరికి మందుల షాపాయన, ఆయన కాక ఇంకెవరు, "గెలిచామమ్మా" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అక్క వెనక్కి తిరిగి కిందున్నవాళ్ళకు గట్టిగా చెప్పింది, గెలిచామని. బయట చప్పట్లు లేచాయి. ఈలలు. సబ్బు గడ్డమాయన పక్కవాణ్ణి కౌగలించుకుంటే వాడి చెంప తెల్లబడింది. ఆ చప్పట్లు హాల్లోవాటిలా లేవు, పని చేసిన చేతులవి, బరువుగా, చెక్క మీద చెక్క కొట్టినట్టు. లోపల ఒక్క చెయ్యి కదల్లేదు. ఇప్పుడేమైంది వీళ్ళకి, దారి పొడుగునా అరిచారుగా, ఇప్పుడు కొట్టండి, వాళ్ళతో కలిసి కొట్టండి అనుకుంటూ ఆమె అద్దంలోంచి ఒక్కొక్కరినీ చూసింది. చూపు కలిపినవాళ్ళు లేరు.

అక్క ముఖంలో నవ్వు ఇంకా ఉంది గాని, కళ్ళు లెక్కలు కడుతున్నాయి. "ఏమే, మరి వీళ్ళంతా ఇలా ఉన్నారేంటి?" అంది.

"ప్రెసిడెంటుగారు దిగి చెప్తారు" అంది ఆమె. "దిగండి. గెలిచామని చెప్పారు కదా. ఎక్కడ పెడుతున్నారో కూడా చెప్పండి."

ఆయన కదల్లేదు. ఆమె గుప్పిట విప్పలేదు. బస్సులో వేడెక్కుతోంది, ఇంజను ఆగితే ఫ్యాన్లు తిరగవు. ఎవరో వెనక నుంచి, వెళ్ళండి ప్రెసిడెంటుగారూ, తొందరగా చెప్పేసి రండి అన్నారు. అప్పుడు లేచాడు. దిగేటప్పుడు మెట్టు తడబడితే అక్కే మంచి చేత్తో మోచెయ్యి పట్టుకుంది.

ఆయనేం చెప్పాడో లోపలికి వినిపించలేదు. ముందద్దంలోంచి కనిపించింది. చప్పట్లు ముందు వరసలో ఆగాయి. తర్వాత దాని వెనక వరసలో. ఒక్కొక్క వరసా ఆగుతూ వెనక్కి పోయింది, ఇళ్ళ దగ్గర నిలబడ్డవాళ్ళు విషయం అందక ఇంకా కొడుతూనే ఉన్నారు, పక్కవాళ్ళు చెప్పాక వాళ్ళూ ఆగారు. అరుపులు లేవు. తిట్లు లేవు. తిడతారనే ఆమె ఎదురుచూసింది, కొట్టినా చూస్తూ ఊరుకోవాలనుకుంది. ఆయన చేతులు తిప్పుతూ ఇంకా ఏదో చెబుతున్నాడు, పనుల గురించి కావచ్చు. జనం ఆయనకు సమాధానం చెప్పకుండా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు, మధ్యలో ఆయనొక గుంజలా నిలబడి ఉన్నాడు.

బస్సులోంచి ఇంకొకరు దిగారు. మాస్టారు. జేబుల్లోంచి చేతులు తీసి, కాలనీవాళ్ళ పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. ఆమెకు ఆ దిగడం కూడా నచ్చలేదు. ఇంతసేపు నిద్రపోయి ఇప్పుడు లేచాడు, అందరూ చూస్తుండగా.

అక్క డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. నీకు ముందే తెలుసా అని అడుగుతుందేమోనని ఆమె జవాబు కూడగట్టుకుంటోంది. అక్క అడగలేదు. ఆలస్యమైపోతున్న పని గురించి చెప్పినట్టు, "వీళ్ళని వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దగ్గర దింపేసి తొందరగా రా. మనవాళ్ళందరినీ కూర్చోబెట్టాలి" అంది. బస్సులోకి మళ్ళీ చూడనైనా చూడలేదు. దారంతా తను వాళ్ళను ఒక్కొక్కరినీ నమిలి ఉమ్ముతూ వచ్చింది, అక్క వాళ్ళకు ఆ విలువ కూడా ఇవ్వలేదు. అది చూశాక ఆమెకు తన కోపం కూడా వాళ్ళ చప్పట్లలాగే కాస్త చవకగా తోచింది.

మందుల షాపాయన ఎక్కి కూర్చున్నాడు. ఆమె తాళం పెట్టి ఇంజను వేసి, బస్సును వెనక్కి తిప్పబోయింది. మాస్టారు దారికి అడ్డంగా నిలబడి అక్క వైపే చూస్తున్నాడు, ఏదో అనాలని పెదవులు కదుపుతున్నాడు.

"మాస్టారూ, కాస్త పక్కకి జరగండి" అంది అక్క. "బస్సు తిరగాలి."